ఈస్టర్ సాక్ష్యం

“ఇంజక్షన్ ఎందుకమ్మా? ఇదే మందు మాత్రలు ఇంట్లో ఉన్నాయి కదా!” అన్నాడు ఆసుపత్రి మంచం పక్కన నిలబడ్డ సుందరరావు.

“స్పృహ లేని మనిషి మాత్ర ఎలా మింగుతారు అంకుల్?” అంటూ నర్సు హన్నా, అతని భార్య సారమ్మ నరంలోకి థైరాయిడ్ మందు మెల్లగా ఎక్కించింది. నిన్న కూడా ఇలాగే ఎక్కించారు. థైరాయిడ్ తగ్గి ఒళ్ళు చల్లబడటంతో, రాయ్‌పూర్ మే ఎండల్లోనూ ఆమెకు మందపాటి దూది రజాయి కప్పి ఉంది.

“అసలు ఆంటీ మాత్రలు ఎందుకు మానేశారు?”

“నేను మానమనలేదు. తనే మానేసింది.”

“ఎప్పట్నుంచి?”

సుందరరావు గోడవైపు చూశాడు. “ఈస్టర్ నుంచి.”

హన్నాదీ వాళ్ళు వెళ్ళే డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ చర్చే. ఈస్టర్ ఆరాధనలో సుందరరావు లేచి, తన భార్య జబ్బును ప్రభువు పూర్తిగా తీసేశాడని సాక్ష్యం చెప్పాడు. అందరితోపాటు హన్నా కూడా చప్పట్లు కొట్టింది.

“అప్పటికి బాగానే తిరిగేది. అది మాత్రల వల్లనని అనుకోలేదమ్మా,” అన్నాడు సుందరరావు.

సారమ్మ కళ్ళు తెరిచింది. ముందు సిరంజిని చూసింది, తర్వాత భర్తను.

“ఏవండీ, ఈ సంగతి చర్చిలో చెప్పకండి,” గొంతు బొంగురుగా వచ్చింది. “మీ సాక్ష్యం అబద్ధం కాకూడదనే మానేశాను.”

“నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా సారమ్మా!”

“ఇంత వడగాడ్పుల్లో ఇంట్లో మీరే పెట్టెలోంచి తీసి రజాయి కప్పారు. చలెందుకేస్తోందని అడగలేదు.” ఆమె గొంతులో కోపం లేదు. “మాత్రలు మానడం మీకూ ఇష్టమేననుకున్నాను.”