ముక్కు మీది గీతలు

"తోక చివర నలుపు చూడక్కా. ఊరంతా గాలించి తెచ్చాను," అన్నాడు తమ్ముడు, సంచిలోంచి పిల్లిని బయటికి తీస్తూ.

అక్క చూసింది. తెల్లటి ఒళ్లు, తోక చివర నలుపు, ఎడమ చెవి మీద మచ్చ. అచ్చు గుద్దినట్టే ఉంది. అసలు పిల్లి బూట్ల పెట్టెలో, పెరట్లో మట్టి కింద ఉంది. పొద్దున ఆమె భర్త మ్యూజియానికి బయల్దేరిన కాసేపటికే అది కుర్చీ కింద చల్లబడిపోయింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఆ ఇంట్లో ఏడుపు ఎప్పుడో ఇంకిపోయింది.

"బావకి చెప్పేస్తే పోదూ? పిల్లేగా!"

"పిల్లేగా అనకు. అది మా పాప పెంచుకున్న పిల్లి."

పాప పోయిన రోజు కూడా ఆయన కంట తడి లేదు. వారం తిరక్కుండానే పనిలోకి వెళ్లి, ప్రాచీన ఈజిప్టు గదిలో నిలబడి, చూడవచ్చినవాళ్లకు పిల్లుల సంగతులు అప్పజెప్పడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఆయన నోరు విప్పేది పిల్లి దగ్గరే. ముడుచుకు పడుకుంటే సున్నాలా ఉందని పాపే దానికి 'సున్నా' అని పేరు పెట్టింది. అదీ లేదని తెలిస్తే ఈ మనిషి ఏమైపోతాడోనని ఆమె భయం.

"మీ బావ కనిపెడతారంటావా?"

"ఎలా కనిపెడతాడక్కా! వేల ఏళ్లనాటి పిల్లులతో కాపురం చేసేవాడికి ఇంట్లో పిల్లి కంటికి ఆనుతుందా?"

ఆయన చెప్పేదంతా ఆమెకు కంఠతా వచ్చు. చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ సున్నాకు కూడా అదే వినిపించేవాడు. ఈజిప్టువాళ్లు పిల్లిని దేవతగా కొలిచేవారు. ఇంటి పిల్లి చనిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమ్మలు గొరిగేసుకుని, అవి మళ్లీ మొలిచేదాకా దుఃఖం పాటించేవారు. ఇక ఏ పిల్లి ముక్కు మీది గీతలు దానివే, మన వేలిముద్రల్లాగా...

ఆమె చటుక్కున పిల్లి ముఖం పైకెత్తి చూసింది. "ఒరేయ్, ముక్కు!"

"ఉందిగా ముక్కు!"

ఇంతలో గేటు చప్పుడైంది. తమ్ముడు పెరటి దారిన జారుకున్నాడు.

ఆయన బూట్లు విప్పి, రోజూలాగే గొంతుక్కూర్చుని, పిల్లి ముక్కుకు తన ముక్కు ఆనించాడు. కొంచెంసేపు అలాగే ఉండిపోయాడు. ఆమె తలుపు పట్టుకుని నిలబడింది.

"ఏం సున్నా, మీ అమ్మ పాలు పోసిందా?"

"పోశానండీ," అంది ఆమె. హమ్మయ్య అనుకుంది.

భోజనాల దగ్గర ఏదో ఒకటి మాట్లాడాలని, "ఇవాళ ఎవరొచ్చారు?" అని అడిగింది.

"బడి పిల్లలు. పిల్లికి తొమ్మిది ప్రాణాలా అని ఓ పాప అడిగింది."

"ఏం చెప్పారు?"

"ఒకటేనమ్మా అన్నాను."

మర్నాడు పొద్దున ఆయన బాత్రూంలోంచి ఎంతకీ రాలేదు. కొత్త పిల్లి గిన్నె నాకేసి, సున్నా కుర్చీ ఎక్కి పడుకుంది. అన్నీ మామూలుగానే ఉన్నాయనుకుంది ఆమె.

"కాఫీ చల్లారిపోతోందండీ!"

తలుపు తెరుచుకుంది. కనుబొమ్మల్లేని ముఖం మీద కన్నీళ్లు ధారగా కారుతుంటే, ఆయన చేతిలోని రేజరు ఆమె వైపు చాపాడు.