మెడ మీది సాక్ష్యం

…మరి నలుగురు ఎప్పుడయ్యారు? మూడేళ్ల కింద ఆస్పత్రి మంచం పక్కన ప్రార్థన చేసి ఈ మెడ మీది గాటు ఎవరు పెట్టారని పాస్టరుగారు అడిగినప్పుడు, కొండల్ నోటికొచ్చింది ఒక్కడే. "ఎవడో పాత దోస్తు అయ్యగారూ. తాగుడు మానుత అంటే కోపమొచ్చింది." బహదూర్‌పురా కూటంలో చెప్పేసరికి ఒక్కడు కాస్తా ఇద్దరయ్యారు. మలక్‌పేట సభల్లో నలుగురు. చేతుల్లో తల్వార్లు కూడా మొలిచాయి.

దెబ్బలను మాత్రం కొండల్ ఎన్నడూ పెంచలేదు. అవి నిజం.

కార్వాన్‌లో రేకుల షెడ్డు కింద ఆదివారం ఆరాధన. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క, చాపల మీద. ఇవాళ సాక్ష్యం చెప్పగానే కొండల్‌ను సంఘపెద్దగా నిలబెడతారు. బల్ల మీద దండ తయారుగా ఉంది.

పక్కనున్న అంజన్న మోచేత్తో పొడిచాడు. "ఏంది కొండలన్నా, పెండ్లికొడుకు లెక్క సిగ్గువడుతున్నవ్? మలక్‌పేటల దంచినట్టే దంచు. మా అత్త ఏడ్వనీకె రెండు రుమాళ్లు తెచ్చుకున్నది!"

కొండల్ నవ్వలేదు. పొద్దున మోకరిస్తే ప్రార్థన రాలేదు. కళ్లు మూసుకుంటే చప్పట్లే వినిపించాయి. వాటి వెనక దేవుడేమంటున్నాడో అని చెవి ఒగ్గాడు. ఆయన చప్పట్లు కొట్టడం లేదు. చూస్తున్నాడు, అంతే. ఆ రోజు చూసినట్టే.

మైకు చేతికొచ్చింది.

"జుట్టు వట్టి ఈడ్సిర్రు," మొదలుపెట్టాడు. "నెత్తి గోడకేసి కొట్టిర్రు. ఒక్కసారి గాదు, మూడుసార్లు."

చెబుతుంటే అంతా కళ్ల ముందుకొచ్చింది. గోడ మీద రక్తం చారికలు కట్టింది. కింద పడ్డాక పక్కటెముకల మీద కాలు. మళ్లీ కాలు. చేయి వెనక్కి విరుస్తుంటే ఎండుకట్టె విరిగినట్టు పటుక్కుమన్న చప్పుడు. సంపకు, సంపకు అన్న కేక. ఆ కేక విన్నకొద్దీ కొట్టేవాడికి ఆగాలనిపించదు, ఇంకా కొట్టాలనిపిస్తుంది. అప్పుడు కత్తి మెరిసింది. చెవి కింది నుంచి గొంతు దాకా వెచ్చగా తెగింది.

కొండల్ కాలరు పక్కకు జరిపి గాటు చూపించాడు.

"స్తోత్రం! హల్లెలూయ!" షెడ్డు దద్దరిల్లింది. చప్పట్లు కొట్టనిది అతని భార్య చంద్రమ్మ ఒక్కతే. ముసుగు కళ్ల దాకా లాక్కుని తల వంచుకుంది. పక్కనున్నామె ఆమె భుజం తట్టింది. "మొగడంటే గిట్లుండాలె, చంద్రమ్మక్కా!"

"అలాంటివాళ్లను కూడా క్షమించారు బ్రదర్!" పాస్టరుగారి కళ్లు తడిశాయి. దండ ఎత్తారు.

కొండల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "వద్దు అయ్యగారూ. నలుగురు గాదు." "ముగ్గురు మీ చప్పట్ల కోసం పుట్టిర్రు. తల్వార్లు గూడ లెవ్వు. ఉన్నది ఒక్కరే."



"గా ఒక్కడెవడు భాయ్?" అంజన్న లేచి నిలబడ్డాడు. "పేరు చెప్పు, ఇయాలనే వాని బొక్కలు ఇరగ్గొడ్త!"

కొండల్ వేదిక దిగాడు. దండ పాస్టరుగారి చేతుల్లోనే ఉండిపోయింది.

ఆడవాళ్ల చాపల మధ్యగా నడిచి వెళ్లి, చంద్రమ్మ ముందు మోకరించి, ఆ రోజు తాను విరిచిన ఆమె ఎడమచేతిలో కాదు, ప్రాణం దక్కించుకోవడానికి కూరగాయల కత్తి అందుకున్న కుడిచేతిలో మైకు పెట్టాడు.