కోట తలుపు దగ్గర పాలగిన్నె

అక్షరాలు నాకు ఆలస్యంగా పట్టుబడ్డాయి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మీరే సరిచేసుకుని చదవండి. చెయ్యి మెల్లగా సాగుతుంది, అందుకే కథ కూడా పొట్టిది.

కోట తలుపు కింది సందులో పెట్టిన పాలగిన్నెను ఒక ముసలామె ఎత్తి గటగటా తాగేసింది.

గైడు లబోదిబోమన్నాడు.

“అయ్యయ్యో! పెద్దమ్మా, అది దయ్యం పాలు!”

“అలాగా? మరి దయ్యానికి కాస్త చక్కెర వెయ్యొద్దూ?” అంది ఆమె మూతి తుడుచుకుంటూ.

కోట చూడటానికి వచ్చినవాళ్లంతా గొల్లున నవ్వారు.

పాడుబడ్డ ఆ కోటకు దయ్యమే దిక్కు. గైడుకూ అంతే. మూసి ఉన్న పెద్ద తలుపు ముందు అందరూ చూస్తుండగా పాలు పెట్టేవాడు. గోడల చుట్టూ తిప్పి, కథ చెప్పి, మళ్లీ అక్కడికే తెచ్చేవాడు. ఈలోగా పిల్లి పుణ్యమా అని గిన్నె ఖాళీ అయ్యేది. జనం గుడ్లు తేలేసేవాళ్లు.

పాలు పెట్టడం మాత్రం అతని తెలివి కాదు. వాళ్లమ్మ తన చిన్నతనంలో మొదలుపెట్టింది.

ఆ అమ్మ ఇప్పుడు మంచం పట్టింది. కంటి మీద కునుకు లేదు. ఇటు పొర్లి, అటు పొర్లి, రోజూ ఒకటే అడిగేది.

“ఒరేయ్, అది బతికుందంటావా?”

“దయ్యం బతికుండటమేమిటే అమ్మా! చచ్చిపోవడమే కదా దాని ఉద్యోగం?”

కొడుకు నవ్వేవాడు. ఆమె నవ్వేది కాదు.

“ఆ సంగతి తేలితే నేను హాయిగా కళ్లు మూస్తానురా” అనేది.

పాలు పోయినా గైడు కథ ఆపలేదు.

“రాజుగారు నర్తకిని నిలబెట్టి, చుట్టూ గోడ కట్టించేశాడు. అప్పటినుంచీ పొద్దు వాలితే చాలు, లోపల్నుంచి ఒకటే ఏడుపు. ‘రాజా... రాజా...’ అని!”

“రాజా అని కాదు నాయనా” అంది ముసలామె. “అక్కా అని.”

“నర్తకికి అక్క కూడా ఉందా గైడు గారూ?” అన్నాడు గుంపులో ఒకడు. “బావగారు ఎక్కడ, వంటింట్లోనా?”

మళ్లీ నవ్వులు. ఇక ఎవరికీ భయం వేయలేదు. ఒక్కొక్కరే జారుకున్నారు.

గైడు చెవులు ఎర్రబడ్డాయి. ముసలామె మాత్రం కదల్లేదు. తలుపు ముందు చతికిలబడి, కింది సందులోకి చెయ్యి పెట్టి చూసుకుంటోంది.

“ఇక్కడ గిన్నె పెట్టడం ఎవరు మొదలుపెట్టారు బాబూ?”

“మా అమ్మ.”

ఆమె చివాలున లేచింది. “ఉందా? ఎక్కడుంది? ఒక్కసారి చూపించవా?”

గైడు జారుకున్న జనం వైపు చూశాడు. ఈవిడ ఇంటికొస్తే ఊరుకుంటుందా? అమ్మతో కూర్చుని దయ్యానికి అక్కనూ చెల్లెల్నీ పుట్టిస్తుంది. రేపటికి ఊరంతా పాకుతుంది. తన నోట్లో మట్టే.

“పోయింది. ఎప్పుడో పోయింది. ఇక బయల్దేరండి.”

ఆమె గిన్నెను కుళాయి దగ్గరికి తీసుకెళ్లి శుభ్రంగా కడిగి, బోర్లించింది.

“ఏ కోటో కనుక్కోవడానికే ఇన్నేళ్లు పట్టింది” అని గొణుక్కుంటూ బస్సులాగే చోటికి నడిచింది.

గైడు విసవిసా ఇంటికొచ్చి చెప్పులు విసిరేశాడు.

“ఇవాళ ఒక ముసలావిడ నా పొట్ట కొట్టిందే అమ్మా! పాలు తాగేసింది. పైగా దయ్యం ‘అక్కా’ అని ఏడ్చేదట!”

మనిషి పట్టుకుంటే తప్ప లేవని తల్లి తనంతట తాను లేచి కూర్చుంది.

“ఏ... ఏమందీ?”

“అక్కా అనట. పాలు పెట్టింది ఎవరని ఆరా కూడా.”

“ఏం చెప్పావు?”

“నువ్వు పోయావని చెప్పి పంపేశా. ఒళ్లు మండి అనేశానులే.”

“ఒరేయ్, పరుగెత్తు! ఆపరా దాన్ని!”

ఎందుకో తెలియకుండానే అతను బస్సులాగే చోటికి పరుగెత్తాడు.

“ఇప్పుడే వెళ్లిపోయిందయ్యా” అన్నాడు పక్కనున్న దుకాణంవాడు. “కళ్లు తుడుచుకుంటూ, ఏ బస్సు ముందొస్తే అది ఎక్కేసింది. ఎటని నేనూ అడగలేదు.”

అతను తిరిగి వచ్చేసరికి తల్లి గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. వెనకాల ఎవరూ లేకపోవడం చూసి అక్కడే కూలబడింది.

“రాజూ లేడు, నర్తకీ లేదురా. నా చిన్నప్పుడు మహమ్మారి వచ్చింది. జబ్బుపడ్డవాళ్లనీ, వాళ్ల పిల్లల్నీ కోటలో పెట్టి తలుపేశారు. లోపల గొంతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చివరికి ఒక్క పసిదాని ఏడుపు మిగిలింది. అది దయ్యం, అటు పోవద్దన్నారు పెద్దవాళ్లు. నేను దొంగచాటుగా తలుపు కింద పాలు తోసేదాన్ని, అది ‘అక్కా’ అని పిలిచేది. ఒకరోజు ఎక్కడి నుంచో అధికారులొచ్చి తలుపు తీయించి, లోపలివాళ్లను బండ్లలో వేసుకుపోయారు. అన్నీ శవాలే అన్నారు.”

“మరి నాకెందుకు చెప్పలేదే?”

“ఆ దయ్యం మీదే కదరా మన పొయ్యి వెలుగుతోంది. ఏమని చెప్పను?”

ఆమె తనలో తానే అనుకుంది. “బతికిందన్నమాట. వెతుక్కుంటూ వచ్చిందన్నమాట.”



ఇన్నేళ్లూ చచ్చిందని చెప్పుకుని అతను బతికిన దయ్యం, వాళ్లమ్మ చచ్చిందన్న అతని మాట నమ్మి, బస్సెక్కి వెళ్లిపోయింది.

— పలకమ్మ. పలక వదలనని మనవలు పెట్టిన పేరు. వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు చిన్న కూతురింట్లో మేడమీది గదిలో ఉంటున్నాను.