పదో దరఖాస్తు

ఊడిపోయిన బ్యానర్‌కి మేకు కొట్టాలి. కాలేజీ వరండాలో కంప్యూటర్‌కి ప్లగ్గు వెతకాలి. నిరుడు ఉద్యోగాలొచ్చిన పిల్లల జాబితా అతికించాలి. నాలుగింటిలోగా ఇంకొక్క దరఖాస్తు రాబట్టాలి.

మొదటి మూడూ పూంగొడి టీచర్ పొద్దున్నే ముగించింది. పదిమంది చేరకపోతే బయోఇన్ఫర్మాటిక్స్ విభాగం ఈ ఏడాదితో మూతపడుతుంది. తొమ్మిదిమంది చేరారు. టైము మూడున్నర.

"బల్ల మడిచెయ్ పూంగొడీ, మా కామర్సుకి ఒకటి తక్కువైంది," పక్క నుంచి సెల్వం సార్ నవ్వాడు.

"నాలుగు కొట్టాక అడగండి సార్. అప్పుడూ ఇవ్వను."

అంతలో ఒకమ్మాయి పూంగొడి బల్ల ముందు ఆగింది. వెనకే తండ్రి మాయాండి, విరుదునగర్ బైపాసులో లారీల మెకానిక్కు. గోళ్ళలో గ్రీజు, చంకలో పసుపు గుడ్డసంచి.

"ఇక్కడ కాదు కయల్, నర్సింగ్ కాలేజీకి టైమైపోతోంది. ముందా బిళ్ళ వేసుకో." టీచర్ అడక్కుండానే, "తలనొప్పి లెండి," అన్నాడు.

కయల్‌విళి బిళ్ళ మింగింది గానీ కదల్లేదు. "ఇదేం చదువు టీచర్?"

"మన ఒంట్లో నాలుగే అక్షరాలతో రాసిన పెద్ద పుస్తకం ఉంటుందమ్మా. దాన్ని కంప్యూటర్‌తో చదివి, తప్పెక్కడుందో పట్టుకోవటం. జీవశాస్త్రం, లెక్కలు, ప్రోగ్రాములు రాయటం, మూడూ నేర్చుకోవాలి. తేలిక కాదు. ఆస్పత్రుల్లో, మందుల కంపెనీల్లో, విత్తనాల పరిశోధనలో ఉద్యోగాలుంటాయి."

"అంటే డాక్టరా, ఇంజనీరా?" అన్నాడు మాయాండి.

"రెండూ కాదు, అన్నా."

"మరింకెందుకమ్మా? రోగి చెయ్యి పట్టుకోరు, సూది వెయ్యరు. పెట్టె ముందు కూర్చుని ఎవర్ని బతికిస్తారు?"

సెల్వం సార్ పకపకా నవ్వాడు. పూంగొడి తెరను వాళ్ళవైపు తిప్పింది. అక్షరాల వరసలు. పైన 417 అన్న అంకె.

"ఇది ఒక బిడ్డ రక్తంలోది. పుట్టినప్పట్నుంచీ మూర్ఛలు. ఏ మందూ పనిచెయ్యలేదు. విదేశాల వాళ్ళ అక్షరాలతో పోల్చితే వేల తేడాలు కనిపించాయి. అందులో ఏది రోగమో, ఏది మన ఊళ్ళ పోలికో ఎవరికీ తెలియలేదు. నేను మన జిల్లాల్లోని ఆరోగ్యవంతుల అక్షరాలతో పోల్చాను. ఒక్క తేడా మిగిలింది. దానికి చవకైన విటమిన్ చాలు. డాక్టరుకి రాసి పంపాం."

మాయాండి సంచిని చంకలో గట్టిగా అదుముకున్నాడు. "ఆ బిడ్డ ఎవరో తెలుసా?"

"తెలియదు. మాకు పేర్లు చెప్పరు, నంబరే. బతికిందో లేదో కూడా తెలియదు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. నా పనేంటో మా అమ్మ ఈనాటికీ నలుగురికీ చెప్పలేకపోతోంది. అయినా సరే, ఆ తేడా పట్టింది ఈ చేతులే. విభాగం మూస్తే మూసుకోండి. పనికిరాని చదువని మాత్రం నా ముందు అనకండి!"

సెల్వం సార్ తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు.

కయల్‌విళి దరఖాస్తు అందుకుని రాయటం మొదలుపెట్టింది. 'చదువులో రెండేళ్ళు విరామం ఎందుకు?' అన్న గడి దగ్గర కలం ఆగింది.

"ఇంటి ఇబ్బందులని రాయి," తండ్రి గొంతు తగ్గించి తొందరపెట్టాడు. "నలుగురూ చూస్తున్నారు."

"చూడనీ అప్పా. నేను దాచను."

గడి నింపి, సంతకం చేసింది. తండ్రి చంకలోని సంచి లాక్కుని, మడతలు నలిగిన, మూల నంబరు వేసిన ఆస్పత్రి కాగితమొకటి తీసి తెర పక్కన పరిచింది. మాయాండి ఆపబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నాలుగు కావటానికి ఐదు నిమిషాలుంది.

"నాలుగు వందల పదిహేడు కాదు టీచర్, కయల్‌విళి అని గుర్తుంచుకోండి."