రెండు మీద బేస్

“రెండు. ఈ నాబ్ రెండు దాటిందంటే ఇల్లు ఖాళీ చేసుకోండి!”

ఇంటి ఓనరమ్మ స్టీరియో మీద వేలు పెట్టి మరీ చెప్పి, కింది వాటాలోకి దిగిపోయింది.

కొత్త పెళ్లికూతురు నీరుగారిపోయింది. కాలేజీలో ఫిజిక్సు చెప్పే మనిషి. మొదటి జీతంతో కొనుక్కున్న స్పీకర్లవి. కాపురం పెట్టిన నెలకే ఇల్లు మారాల్సి వస్తే ఆ ఘనత అంతా తనదే.

“రెండు మీద పాట వినిపిస్తుంది గానీ బేస్, అదే ఆ కింది దరువు, రాదండీ. శబ్దం తగ్గితే మన చెవి ముందుగా బేస్‌నే వదిలేస్తుంది.”

“నా చెవి నువ్వు చెప్పేదేదీ వదలదే!” అన్నాడు మొగుడు.

“వేళాకోళం తర్వాత. ముందు ఆ పెట్టెల్ని గోడ మూలలకి జరపండి.”

జరిపాడు. రాలేదు. లౌడ్‌నెస్ మీట నొక్కింది. ఊహూఁ. సోఫాని వెనక్కి జరిపించింది, మళ్లీ ముందుకి లాగించింది. ఆదివారం పొద్దున్నంతా ఆమె గదిని తిట్టింది, కర్టెన్లని తిట్టింది, ఆఖరికి మొగుడి చెవుల్ని కూడా అనుమానించింది.

“ఒక్కసారిటు చూడు,” అన్నాడతను స్పీకరు వెనక దూరి. “ఆ పెట్టెకి ఎర్ర తీగ ఎర్రదాంట్లో ఉంది. దీనికేమో నల్లదాంట్లో ఉందేమిటి?”

ఆమె నాలిక్కరుచుకుంది. ఒక పెట్టె గాలిని ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ఇక బేస్ ఎక్కణ్ణుంచి వస్తుంది? ఏటా క్లాసులో బల్ల గుద్ది చెప్పే పాఠమే!

“ఇంతకీ ఎవరు తగిలించారో?” అన్నాడు మొగుడు.

“ఎవరో ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు అయ్యుంటుంది లెండి.”

తీగలు మార్చింది. రెండు మీదే, నేలలోంచి పుట్టినట్టు దుమ్ దుమ్మని లేచింది దరువు. మొగుడి చేతులు పట్టుకుని గిర్రున తిరిగింది. రెండో చుట్టు పూర్తి కాకుండానే తలుపు దబదబా మోగింది.

ఓనరమ్మ! మొహం కందగడ్డలా ఉంది.

“ఏం చేశావమ్మాయ్? ఇందాకటిదాకా లేని దరువు మా నెత్తి మీద మోగుతోంది!”

“రెండు మీదే ఉంది పిన్నిగారూ, ఒట్టు! ఇదిగో, ఇప్పుడే కట్టేస్తున్నా. ఇల్లు మాత్రం...”

“కట్టేశావంటే ఊరుకోను! దరువొక్కటే వినిపిస్తోంది, ఏ పాటో తేలక మా ఆయనా నేనూ కొట్టుకు చస్తున్నాం. ఐదు మీద పెట్టు!”