చెల్లి స్వెట్టరు

“ముందా స్వెట్టరు విప్పండమ్మా,” అన్నాడు పశువుల డాక్టరు.

దర్జీ ఆవిడ బల్లమీదున్న కుక్కకు ఒక్కొక్కటే బొత్తాలు తీసింది. చనిపోయిన చెల్లెలి స్వెట్టరును తనే కత్తిరించి, దాని కొలతలకు కుట్టింది. కుక్క కూడా చెల్లెలిదే.

“వీపుమీద బొచ్చంతా రాలిపోయిందండీ. చలికి తట్టుకోలేకపోతోంది. పిలిచినా ఉలుకూ పలుకూ ఉండదు. మా చెల్లి పోయిన దగ్గర్నుంచీ ఇంతే, బెంగ పెట్టుకుంది.”

“బెంగైతే చిక్కిపోవాలి కదమ్మా. ఇదేమో బస్తాలా తయారైంది.” డాక్టరు రక్తపరీక్ష కాగితం మరోసారి చూశాడు. “థైరాయిడ్ తగ్గింది. కుక్కలకీ వస్తుంది. చర్మం మందమై వేలాడుతోంది, అందుకే మొహం అలా ఏడుస్తున్నట్టుంది.”

“అది దిగులు కాదా అండీ?”

“కాదమ్మా. రోజూ మాత్ర వేయండి, కొన్నాళ్ళకి గంతులేస్తుంది. బొచ్చూ వచ్చేస్తుంది. ఈ స్వెట్టరుతో ఇక పనుండదు.”

మంచిమాటే. ఆవిడ తలూపింది. మాత్రల అట్ట అందుకుని చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది.

“ఒక్కరోజు ఆగి మొదలుపెడితే దానికేమన్నా అవుతుందా?”

“ఏమీ కాదు. ఎందుకు?”

“సాయంత్రం మిషను ఆపేశాక దీని పక్కనే కింద కూర్చుంటానండీ. ఇద్దరం చెల్లికోసమే ఏడుస్తున్నామనుకున్నాను.”

ఆవిడ కుక్కకు స్వెట్టరు తొడిగి, మెడదాకా బొత్తాలు పెట్టింది.

“మందు రేపట్నుంచి వేస్తానండీ. ఈ ఒక్క సాయంత్రం అలాగే కూర్చుంటాం.”