పెట్టె మీది సున్నా

గర్భం రాకుండా మగవాళ్లు భుజానికి పట్టీ అంటించుకోవడం అప్పుడప్పుడే మొదలైన కాలమది. పిల్లలు కావాలనుకున్నప్పుడు పీకేస్తే చాలు. రిత్విక్ ఇంకా పీకలేదు. అయినా అతని భార్య సహస్రకు నెల తప్పింది.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్త అఖిల, పట్టీల పెట్టెను కోడలి ముందుకు తోసింది. దాని మీద, తమంతట తామే మారే అక్షరాలు మెరుస్తున్నాయి: "పట్టీ ఉండగా వచ్చిన గర్భాలు, ఇంతవరకు సున్నా."

"సున్నా అని రాసిండ్రు గదనే. మరి ఇదెట్లయింది?"

ఆ అడగడంలో ఏముందో సహస్రకు అర్థమైంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పట్టీల పరీక్షకు లెక్కలు కట్టింది తనే.

"మూడు లక్షల మందిని ఏడాదంతా చూసినం అత్తమ్మా, ఒక్కటి గూడ కాలే. గట్లని ఎన్నడు కాదని చెప్పలేం. లక్షల ఒకరికి అయ్యేదున్నా, గా ఏడాది మా కంట పడకపోవచ్చు."

"గా ఒక్కటి మనింట్లనే కావాల్నా?"

"ఎవరింట్లనో ఒకరింట్ల కావాలె గదనే అమ్మా," అంటూ రిత్విక్ వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. "పరీక్షోళ్లకు నేనే చెప్పిన. మనం దాస్తే, రేపు ఇంకో ఇంట్ల ఇంకో ఆడపిల్లను గిట్లనే అడుగుతరు."

అతను అంటుండగానే పెట్టె మీద సున్నా పోయి, ఒకటి వెలిగింది.

అఖిల దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత చేతులు తుడుచుకుని చెల్లెలికి ఫోన్ చేసింది.

"మీ ఇంట్ల పట్టీల పెట్టె చూడు చెల్లే. గా ఒకటి మా మనవడో, మనవరాలో!"